నీ ఇష్టం, వదినా

“ఆ పెట్టె గడప లోపల పెట్టకు తల్లీ. చూస్తేనే నాకు కడుపు రగిలిపోతుంది.”

వదిన ఆ రెండు ముక్కలు అనడానికి మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. నర్సు టీకాల ఐసు పెట్టెను బయటే ఉంచి, చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. వద్దన్న కొద్దీ వచ్చే రకం. ఈ వారంలో ఇది మూడోసారి.

మరిది వదిన వీపు వెనక మూడో దిండు సర్దాడు. పడుకుంటే ఆయాసం కమ్ముకొస్తుందని ఆమె కూర్చునే కునుకు తీస్తుంది. బండలకు పాలిష్ పట్టే షెడ్డులో ఇరవై ఏళ్లు రాతిపొడి ఊడ్చినందుకు ఆమెకు మిగిలింది ఆ ఆయాసమే. అన్నదమ్ములిద్దరూ ఆ షెడ్డులోనే రంపాల దగ్గర పనిచేసేవారు. ఇప్పుడు తమ్ముడొక్కడే వెళ్తున్నాడు.

“డాక్టరుగారు నా తల తింటున్నారక్కా,” అంది నర్సు స్టూలు లాక్కుంటూ. “ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లకి చలి ముదరకముందే ఫ్లూ టీకా పడాలట. మామూలువాళ్లకైతే వారం రోజుల జ్వరం. మీకొస్తే ఆక్సిజన్ దాకా పోతుంది.”

“నీకు మా ఇల్లే దొరికిందా?”

“ఈ వీధిలో నా జాబితాలో ఇంకో పది పేర్లున్నాయి. పది గుమ్మాల్లోనూ ఒకటే మాట. ఆవిడ మొగుడు సూది వేయించుకునే కదా పోయాడు అని. మీరొక్కరు చెయ్యి చాపితే అందరూ చాపుతారు.”

“వాళ్లన్నదాంట్లో అబద్ధమేముంది?” అంది వదిన. “సూదంటే చంటిపిల్లాడిలా పారిపోయే మనిషి. వారం రోజులు పోరాను. నువ్వు వేయించుకుంటే గానీ ముద్ద ముట్టనని మొండికేశాను. నా పోరు పడలేక వెళ్లి, కార్డు మీద ముద్ర వేయించుకొచ్చి నా చేతిలో పెట్టాడు. ‘ఇక తింటావా మహాతల్లీ’ అన్నాడు. నెల తిరక్కుండా పోయాడు. సూది పొడిచింది మీరే అయినా, తోసి పంపింది నేను.”

మరిది తల దించుకున్నాడు. ఏడాదిగా ఈ మాట వింటూనే ఉన్నాడు. విన్నప్పుడల్లా గుండెలో రంపం ఆడినట్టే ఉంటుంది.

నర్సు ఈసారి నెమ్మదిగా చెప్పింది. “సూది వల్ల ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, ఒళ్లు వెచ్చగా ఉండటం, అంతే. దానివల్ల ఫ్లూ రాదక్కా. ఆయనకి జ్వరం తగిలింది నాలుగో వారంలో. టీకా వేయించుకున్నా ఒక్కోసారి జ్వరం వస్తుంది, కాదనను. కానీ ప్రాణం మీదకి వచ్చేది తక్కువ. ఆయన విషయంలో ఎందుకలా అయిందో నాకూ అంతుపట్టడం లేదు. అడుగుదామంటే నిరుడు మీ షెడ్డు దగ్గర వేసినామె బదిలీ అయిపోయింది.”

“ఉన్నా ఆమె ఏం చెప్తుంది? పని దిగి బయటికొస్తే అందరూ పిండిమరలో పడి లేచినట్టుంటారు. మొగుడెవరో మరిదెవరో నేనే దగ్గుని బట్టి పోల్చుకునేదాన్ని.”

వదిన నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు ఎంతకీ ఆగలేదు. పెదవులు నల్లబడ్డాయి. మరిది ఇన్‌హేలర్ ఆమె నోటికి పెట్టి వీపు నిమిరాడు. ఆమె ఎముకలు అతని అరచేతికి ఒక్కొక్కటిగా తగిలాయి.

“మీరైనా చెప్పండి,” అంది నర్సు అతనితో. “ఈ చలికాలం జ్వరం తగిలితే ఆవిడ తట్టుకోలేరు.”

“నేను చెప్తే వినే మనిషా?”

“వింటానురా,” అంది వదిన. ఊపిరి కాస్త అందాక అతని మణికట్టు పట్టుకుంది. “మీ అన్న పోయాక నాకింత మందూ, ఇంత ముద్దా అందిస్తున్నది నువ్వే. కడుపున పుట్టినవాడైనా ఇంత చెయ్యడు. నాకు మాత్రం చావాలనుందా? ఉత్తినే వేయించుకోమనకు. మీ అన్నను మింగినదాన్ని నేనెందుకు నమ్మాలో అది చెప్పు. చెబితే ఇప్పుడే చెయ్యి చాపుతాను. నీ మీద ఒట్టు.”

నర్సు అతని నోటివంకే చూస్తోంది. మాట గొంతు దాకా వచ్చింది. వదిన వేళ్లు అతని మణికట్టు మీద బిగిశాయి. ఆ పట్టులో ఎంత నమ్మకం ఉందో అతనికి తెలుసు. ఆ పట్టు వదిలేస్తే తనకీ లోకంలో ఇంకెవరూ లేరని కూడా తెలుసు.

“నీ ఇష్టం, వదినా,” అన్నాడు.

వదిన చెయ్యి జారింది. “విన్నావుగా తల్లీ. వాడికీ నమ్మకం లేదు.”

నర్సు జాబితా తీసి ఆమె పేరు ఎదురుగా ‘వద్దన్నారు’ అని రాసుకుంది. స్టూలు పక్కకి జరిపి లేచింది. మరిది ఐసు పెట్టె అందుకుని వీధి మలుపు దాకా వెంట నడిచాడు. గుమ్మాల్లోంచి తొంగిచూసినవాళ్లు మూత తెరవని పెట్టెను చూసి లోపలికి వెళ్లిపోయారు.

“మీరు తలుచుకుంటే ఒప్పించగలిగేవారు,” అంది నర్సు.

అతను పెట్టెను రెండో చేతికి మార్చుకున్నాడు.

“నిరుడు ఆ జ్వరం మీ షెడ్డులో సగంమందిని మంచాన పడేసిందట. మీకూ తగిలిందా?”

“లేదు.”

“అదృష్టవంతులు,” అని పెట్టె అందుకుని ఆమె వెళ్లిపోయింది.

నిరుడు అన్న పేరు చెప్పి ఆ సూది వేయించుకున్నది తనే.