గోడకు మేకు

అద్దెకిచ్చిన ఇళ్లకు పన్ను పెంచుతారన్న మాట గజపతినగరంలో పాకిన రోజే జోగయ్య తన ఇంటి వెనక పోర్షన్ తలుపు తట్టాడు.

“ఈశ్వరమ్మా, సర్వేవోలు వస్తన్నారు. అద్దె మాటెత్తకు. మా సెల్లెలివని సెప్పు తల్లీ.”

ఆరేళ్లుగా గోడకు ఒక్క మేకు కొట్టనివ్వని మనిషి అలా బతిమాలుతుంటే, అద్దెకున్న ఈశ్వరి సరేనంది.

మధ్యాహ్నం సర్వే ఉద్యోగి వచ్చాడు.

“ఈయన మా అన్నయ్యే బాబూ” అంది ఈశ్వరి. జోగయ్య గట్టిగా తలూపాడు. ఉద్యోగి ఇద్దరినీ గుమ్మం ముందు నిలబెట్టి ఫొటో తీశాడు, ఇద్దరి చేతా వేలిముద్రలు వేయించాడు.

“ఇల్లు మీ నాన్నగారిదేనా?”

“మా అయ్య కట్టిందే” అన్నాడు జోగయ్య, కాస్త గర్వంగానే.

“అయితే ఈవిడకీ వాటా ఉంటుంది కదండీ.”

జోగయ్య వద్దన్నట్టు ఈశ్వరికి సైగ చేశాడు. ఈశ్వరి అతని వైపు చూడనైనా లేదు.

“ఉన్నాది బాబూ. రాసుకోండి.”

ఉద్యోగి బండి వీధి మలుపు తిరిగిందో లేదో, వెనక పోర్షన్‌లోంచి ఠంగుఠంగుమని చప్పుడు మొదలైంది.

“ఏటమ్మా ఆ సప్పుడు?” జోగయ్య పరుగున వచ్చాడు.

“మేకు కొడతన్నాను, అన్నయ్యా.”