అందరికీ వచ్చే విద్య కాదు

“ఆ కర్ర ఇటివ్వండి” అంది భార్య, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు తొడుక్కుని ఏటి ఒడ్డున నిలబడి.

“చెప్తే వినవేం? ఇది మామూలు గాలం కాదే. ఎర గుచ్చి కూర్చుంటే పడే చేపలు కావివి. పురుగులా కనబడే ఉత్తుత్తి ఈగతో చేపని మోసం చెయ్యాలి. దీన్ని ఫ్లై ఫిషింగ్ అంటారు. అందరికీ వచ్చే విద్య కాదు” అన్నాడు భర్త, గాలం కర్రను చంటిపిల్లాణ్ణి పొదువుకున్నట్టు పట్టుకుని.

అతను డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. వారంలో ఆరు రోజులూ పక్క సీట్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటాడు. బ్రేకు, క్లచ్చు, గేరు అని అరిచి అరిచి ఆదివారానికి గొంతు బొంగురుపోతుంది. ఎవరికీ ఏమీ నేర్పక్కర్లేని పూట అతనికి ఇదొక్కటే. ఇది కూడా పోతే తను మనిషిగా మిగలనని అతని భయం. అందుకే ఇన్నాళ్ళూ ఇంట్లో ఈ వేట ఎంత కష్టమో గోరంతలు కొండంతలు చేసి చెప్పాడు. అయినా ఇవాళ పిల్లల్ని చెల్లెలింట్లో దింపి మరీ వెంటపడింది ఆవిడ. కస్టమర్ల ఫిర్యాదులకు ఫోన్లో జవాబు చెప్పడం ఆవిడ ఉద్యోగం. అలాంటి నోరు ఏటి ఒడ్డుకొస్తే మాత్రం ఊరుకుంటుందా?

“అటు చూడు” అన్నాడు నీరసంగా. అవతలి ఒడ్డు దగ్గర ముగ్గురు పెద్దమనుషులు ఖరీదైన టోపీలతో నీళ్ళలో నిలబడి ఉన్నారు. “అలాంటి క్లబ్బువాళ్ళ ఆట ఇది. పురుగుల పేర్లు తెలియాలి. గాలి లెక్క తెలియాలి. మణికట్టు పుట్టుకతోనే తిరగాలి.”

“మరి మీకెవరు నేర్పారు?”

“ఎవరు నేర్పుతారు? నేనే నేర్చుకున్నా.”

“ఎన్నేళ్ళు పట్టింది?”

“ఏళ్ళేమిటి, ఒక్క పూట...” అని నాలిక కరుచుకున్నాడు.

ఆవిడ చెయ్యి చాపింది. ఇక ఇవ్వక తప్పలేదు.

తప్పుగా నేర్పితే విసుగుపుట్టి తనే పోతుందిలే అనుకున్నాడు. “బలమంతా పెట్టి విసురు. ఎంత గట్టిగా విసిరితే అంత దూరం పోతుంది” అన్నాడు. ఆవిడ విసిరింది. దారం వెళ్ళి వెనక పొదలో చిక్కుకుంది. రెండోసారి ఆవిడ బూట్లకే చుట్టుకుంది. మూడోసారి అతని చెవి పక్కనుంచి దూసుకుపోయింది. అతని కాలు అలవాటుకొద్దీ లేని బ్రేకును తొక్కింది.

అనుకున్నట్టే జరుగుతోందని సంతోషించి ఊరుకోవలసింది. కానీ ఏళ్ళ తరబడి నేర్పిన నోరు, కళ్ళముందు తప్పు కనిపిస్తే ఆగదు.

“అబ్బబ్బా, బలం ఎందుకే! మెల్లగా వెనక్కెత్తు. ఆగు. దారం వెనక పూర్తిగా సాగనీ. ఆఁ, ఇప్పుడు ముందుకి! గోడకి మేకు కొట్టినట్టు. అంతే, అంతే!” అనేశాడు. కొరివితో తల గోక్కున్నానని ఆ తరవాత కానీ అతనికి తెలియలేదు.

దారం గాలిలో తిన్నగా సాగింది. ఈకా నూలూ చుట్టి చేసిన ఉత్తుత్తి ఈగ దాని చివరన నీటి మీద మెత్తగా వాలింది. ఆవిడ మళ్ళీ విసిరింది. మళ్ళీ బాగానే పడింది. కాసేపటికి నీళ్ళు ఒక్కసారిగా చెదిరి, జానెడు చేప గాలానికి వేలాడింది. పట్టిన చేపని వదిలెయ్యడమే ఈ ఆట పద్ధతని అతను చెప్పినట్టే, దాని ఒంటికి దెబ్బ తగలకుండా చెయ్యి తడుపుకుని, గాలం విప్పి, మళ్ళీ ఏట్లోకి వదిలేసింది.

“ఇంతేనా?” అంది.

“ఇంతే” అన్నాడు. అబద్ధమాడే ఓపిక కూడా లేదు. “ఈ కర్ర సెకండ్ హ్యాండుది. టోపీ లేకపోయినా చేపలేమీ అనుకోవు.”

అక్కడే ఒక రాతిమీద కూలబడ్డాడు. వచ్చే వారం నుంచి ఈ ఒడ్డుకి టిఫిన్ డబ్బాలొస్తాయి, కబుర్లొస్తాయి, పిల్లల పరీక్షలొస్తాయి, ఆఫీసు గొడవలొస్తాయి. తలుచుకుంటేనే ఏడుపొచ్చినంత పనైంది. తలెత్తి చూస్తే ఆవిడ మళ్ళీ దారం విసురుతోంది. ఆ ముఖం అంత ప్రశాంతంగా కనబడి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. పాపం, తనూ అలిసిపోయిన మనిషేగా అనిపించింది. మనసు కరిగింది.

“పోనీలే. వచ్చే ఆదివారం నుంచి ఇద్దరం కలిసే వద్దాం” అన్నాడు, ఆస్తంతా రాసిచ్చేస్తున్న గొంతుతో.

ఆవిడ నీటి మీంచి చూపు తిప్పలేదు.

“ఇద్దరం ఎందుకండీ? మీరు పక్కనుంటే ఇక నాకు విశ్రాంతేముంది? వచ్చే ఆదివారం మీరు పిల్లల దగ్గరుండండి.”