తాయారు మాట

తాయారుకి గొంతు పోయాక మెడకు కట్టిన యంత్రమే ఆవిడ మాటయింది. పదిమందీ కలిసి రాసి ఊరికే ఇచ్చిన ప్రోగ్రాంతో నడుస్తుంది అది. ఆ ప్రోగ్రాం తునక ఒకటి ఆవిడ ప్రతి మాటలోనూ కలిసిపోతుంది. అది కలిసిందేదైనా అందరిదీ కావాలన్నది దాని లైసెన్సు షరతు. కలిసినా మాట మాత్రం మనిషిదేనని అందులో ఒక మినహాయింపు ఉండేది. కొత్త వెర్షన్‌లో అది తీసేశారు. ఇప్పుడు ఆవిడ ఏమన్నా అందరి సొత్తే. ఎవరైనా వినొచ్చు, వాడుకోవచ్చు.

పొద్దున కూరల బండి తాయారు గొంతుతోనే "ఏవండీ, లేత బెండకాయలు" అంటూ వీధిలో పోయింది. చిక్కుళ్ల ఈనెలు తీస్తున్న భర్త భీమశంకరం తలెత్తలేదు.

"నిన్న ఆస్పత్రిలో ఏమన్నారు?" అని అడిగాడు.

"చిక్కుళ్లు ముదిరాయండీ," అంది తాయారు. కాసేపటికి యంత్రం విప్పి పక్కన పెట్టి, అతని చెవి దగ్గర చాలాసేపు పెదవులు కదిపింది.

వెచ్చటి ఊపిరి తప్ప అతనికేమీ వినపడలేదు.

"అలాగేలే," అన్నాడు.