కరిచేది కావాలి

ఆయన కుక్కపిల్ల చెవిని రెండు వేళ్ళతో పట్టుకుని మెలిపెట్టాడు. అది కుయ్యోమంటూ మూత్రం పోసుకుని గోనెపట్టా మీద ముడుచుకుపోయింది. దాన్ని పక్కకు తోసేసి ఇంకోదాన్ని అందుకున్నాడు.

"ఇది కరవడం లేదు. కరిచేది కావాలి," అన్నాడు.

కుక్కలత్తకు ఒళ్ళు మండింది. ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఇంటి వెనక రేకుల షెడ్డులో కుక్కల్ని సాకి వాటి పిల్లల్ని అమ్ముతుంది కాబట్టి వీధి మొత్తానికీ కుక్కలత్తే. ఈ ఈతలో నాలుగు పిల్లలు. తల్లి బీగిల్, తండ్రి బుల్‌డాగ్. వేలాడే చెవులూ, వాసన పట్టే ముక్కూ తల్లివి. వెడల్పాటి దవడా, మొండితనమూ తండ్రివి. ఇంట్లో పెంచుకోవడానికి ఇంతకంటే మంచివి దొరకవని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. వాళ్ళూ సాధువైనదాన్నే ఏరుకుని పోతారు. కరిచేదాన్ని అడిగినవాడు ఇతనొక్కడే.

"పందేలకా?" అంది వెటకారంగా.

"కాదు, ఇంటికే. గట్టిగా అరవాలి కూడా. పక్కిళ్ళకు వినిపించాలి."

మూడోది అచ్చం తండ్రి పోలిక. చెవి మెలిపెట్టగానే ఆయన బొటనవేలిని కరుచుకుని పట్టు వదల్లేదు. నెత్తురు మణికట్టు దాకా కారుతుంటే ఆయన మొహం వెలిగిపోయింది.

నెత్తురు చూసి సంతోషించే మనిషి కుక్కలత్తకు కొత్త కాదు. ఆమె మొగుడూ అలాంటివాడే. తాగకుండానే కొట్టేవాడు. ఒకరోజు కాలుతున్న ఇస్త్రీపెట్టెను వీపుకు ఆనించి నవ్వాడు. వాడు చచ్చాక పీడా విరగడైంది గానీ, చెయ్యి చేసుకునే మగాణ్ణి గుమ్మంలోనే పసిగట్టగలనన్న నమ్మకం మాత్రం మిగిలింది.

వెంట వచ్చిన ఆయన భార్యను పరకాయించి చూసింది. మోచేతి దాకా కట్టు. మెడ మీద ఆరీ ఆరని గోళ్ళ గీతలు. చెయ్యికేమైందని అడిగితే ఆవిడ మొదట భర్తా కూతురూ నిలబడ్డ వైపు చూసి, ఆ తర్వాతే తలుపు సందులో పడిందని చెప్పింది. ఇంతకుముందు కుక్కలుండేవా అంటే రెండుండేవట. ఏమయ్యాయని అడిగింది.

"పోయాయి," అన్నాడాయన.

"ఎలా పోయాయి?"

"ఒకటి మేడమీంచి పడింది. రెండోదాని సంగతి అడక్కండి."

కుక్కలత్త అడగలేదు. గూడు తలుపు వేసి గడియ పెట్టి, మీ ఇంటికి నా పిల్లల్నివ్వనని తెగేసి చెప్పింది. ఆయన జేబులోంచి కారు తాళాలు తీశాడు. భార్యే కుక్కలత్త చెయ్యి పట్టుకుని బతిమాలింది. పాపకు స్నేహితులు లేరట. బళ్ళో ఎవరూ పక్కన కూర్చోరట. ఇంట్లో ఓ ప్రాణి తోడుంటే కాస్త కుదుటపడుతుందని ఆవిడ ఆశ.

పాపకు ఏడో ఎనిమిదో ఉంటాయి. నున్నగా దువ్విన జడలు, మడత నలగని గౌను. వచ్చినప్పటి నుంచీ గోడవారనే నిలబడి ఉంది. గూటి వైపు ఒక్క అడుగు వేస్తే చాలు, తండ్రి కళ్ళెర్రజేస్తున్నాడు. మొగుడు కొట్టిన రోజుల్లో మంచం కింద దూరి, ఒక వీధికుక్క మెడ కావిలించుకుని ఏడ్చిన మనిషి కుక్కలత్త. ఆ కుక్కే లేకపోతే ఏ నుయ్యో గొయ్యో చూసుకునేది. ఈ పసిదానికి మాత్రం ఇంకెవరున్నారు?

మళ్ళీ గడియ తీసింది. ఆమె దగ్గర ఒక పద్ధతుంది. పిల్లను ఎంచుకోవలసింది పెద్దలు కాదు, ఇంట్లో చిన్నవాళ్ళు. పాపను దగ్గరికి పిలిచి నీకేది కావాలో చూసుకోమంది. పాప తిన్నగా వెళ్ళి, మూల ముడుచుకుని వణుకుతున్న మొదటిదాని ముందు కూర్చుంది.

"ఇది అరుస్తుందా అత్తా?"

"లేదమ్మా. దీనికి గొంతే లేవదు."

"కరుస్తుందా?"

"నువ్వేం చేసినా కరవదు, బంగారం."

పాప నవ్వింది. దాన్ని ఒళ్ళోకి తీసుకోబోయింది.

"అది మాత్రం వద్దు," అంటూ తండ్రి ఒక్క అంగలో వచ్చి పాప చెయ్యి పట్టి ఈడ్చాడు. పాప వెళ్ళి గోడకు కొట్టుకుని కెవ్వుమంది. తల్లి మొహం తిప్పుకుంది.

కుక్కలత్త మేకుకు వేలాడుతున్న ఇనప గొలుసు అందుకుంది. మొదటి దెబ్బ ఆయన ముక్కు మీద పడింది. ఆ తర్వాతది కనుబొమ్మ చీల్చింది. ఎదురు తిరగలేనివాళ్ళ మీదా నీ ప్రతాపం అంటూ మోకాళ్ళ మీద కూలేదాకా బాదింది. మొగుడికి చెల్లించాల్సిన బాకీ అంతా ఆయన వీపు మీద తీర్చుకుంది. ఆయన తల కాపాడుకున్నాడే గానీ చెయ్యెత్తలేదు. ఈ జాతంతా ఇంతే, ఎదురుతిరిగితే పిల్లులైపోతారనుకుంది.

ఆయాసం తీరాక ఆ మొదటి కుక్కపిల్లను తనే ఎత్తి పాప చేతుల్లో పెట్టింది. ఈ పాప మీద ఈగ వాలినా ఇంటికొచ్చి కాళ్ళు విరగ్గొడతానని ఆయన్ను హెచ్చరించి, గేటు దాకా సాగనంపింది. ఎన్నాళ్ళకో ఆమె గుండె తేలికపడింది.

కారు దగ్గర ఆయన నెత్తుటి మొహంతో పాప ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ జోడించాడు. ఇప్పటికి బుద్ధొచ్చిందనుకుని కుక్కలత్త గేటు పట్టుకుని నిలబడి వింది.

"దీన్నైనా బతకనివ్వు తల్లీ."