కల్లంలో కళ్ళు

టీవీ క్రైం ప్రోగ్రాంలో గొడ్డలి లేచి శివనాగరాజు మెడ మీద దిగింది. ఆ వేషం వేసింది నటుడని తెలిసినా పున్నమ్మకి తన కొడుకు నెత్తురే కళ్ళకు కట్టింది.

“వీడే!” తెర మీద ముద్దాయి ఫొటోకి వేలు చూపించింది, ఆనాడు కోర్టులో చూపించినట్టే.

“మిరపకల్లంలో ఘాటుకి అందరూ ముఖాలకి తువ్వాళ్ళు చుట్టుకుంటారు కదత్తయ్యా. ఎలా పోల్చుకున్నారు?” అంది కోడలు దీప్తి.

“కళ్ళు చూశానే. నరికి నావైపు తిరిగాడు. చింతనిప్పుల్లా ఉన్నాయి.”

దీప్తి లేచి అద్దం తెచ్చింది. “పొద్దుట్నుంచీ మిరప ఘాటులో తాలుకాయలు ఏరొచ్చారుగా. ఇప్పుడు మీవి చూసుకోండి.”

పున్నమ్మ చూసుకుంది. అద్దం బోర్లించేసింది.

“ఎనిమిదేళ్ళయిందే వాణ్ణి జైల్లో వేసి! మరి నా బిడ్డని నరికిందెవరే?”

“ఆరోజు కల్లంలో తువ్వాళ్ళు చుట్టుకుని ఐదుగురున్నారు. ఒకణ్ణి పోలీసులు పట్టుకెళ్ళారు. మిగతా నలుగురూ పాడె మోశారత్తయ్యా.”