సగం ఆపిల్

ఫోటో తీసుకున్నాక మారెన్ ఆ కంచాన్ని పక్కకి జరిపింది.

కోల్బీ అదే కంచాన్ని కాస్త తిప్పి తన ఫోటో తీసుకుంది. ఆ తర్వాత ఇంకో ఇద్దరు. చివరికి కోడిముక్క, బంగాళాదుంప, బఠాణీలు అన్నీ కలిసి చెత్తబుట్టలో పడ్డాయి.

ఆ కాలేజీ ఆడపిల్లల పరుగుల జట్టుకి ఆ ఏడాదే ఫోన్లలో కొత్త యాప్ పెట్టారు. తినే తిండిని రోజూ ఫోటో తీసి పంపాలి. వారానికో పాఠం వీడియోలో చూడాలి. చూస్తే పేరు పక్కన పచ్చ టిక్కు పడుతుంది. టిక్కు లేనివాళ్లకి పోటీలో చోటు లేదు.

పిల్లలు గడుసువాళ్లు. వీడియోని వేలితో చివరికి లాగేస్తే టిక్కు పడిపోతుందని మొదటిరోజే కనిపెట్టేశారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది పాపం, ఆ పాఠాల పని.

"ఒసేయ్, కంచం మామ్మ వస్తోంది!" కోల్బీ గుసగుసలాడింది.

పాఠాలు చెప్పే మనిషి ఆవిడే. చేతికర్ర, ఉన్ని టోపీ, ఒక పక్కకి ఒరిగే నడక. వారానికోసారి కాలేజీ భోజనాల హాలుకి వచ్చేది. పేరు మిసెస్ పామర్. అరవై దాటి ఉంటాయని పిల్లల అంచనా.

"నిన్న మీ నలుగురి ఫోటోల్లోనూ ఒకటే బంగాళాదుంప ఉందమ్మా. అదే నల్లమచ్చ, అదే చోట."

"ఒకే చేలో పండాయేమో మేడమ్!" అంది కోల్బీ.

బల్లంతా ఘొల్లుమంది. ఆవిడ కూడా నవ్వేసి, మెల్లగా మారెన్ పక్కన కూర్చుంది.

"శనివారం పెద్ద పోటీ కదా. ముందు రాత్రి ఏం తింటావ్?"

"సగం ఆపిల్."

జట్టు గదిలో గోడ మీద ఒకే ఒక్క రికార్డు రాసి ఉంది. గ్రేటా లిండ్‌క్విస్ట్, ఆరు కిలోమీటర్లు. పదిహేనేళ్లుగా దాని దరిదాపులకి ఎవరూ వెళ్లలేదు. ఆ పరుగుకి ముందు రాత్రి ఆమె సగం ఆపిల్ తిని పడుకుందట. ఆ మాట సీనియర్ల నోట జూనియర్లకి దిగుతూ వచ్చింది. పెద్ద పోటీ వస్తే ఆపిల్ కోసి చెరి సగం తినడం జట్టులో నోములాంటిది. మారెన్ ఆ నోమునే సీజన్ అంతా పట్టింది. ఆ గోడ మీద తన పేరు చూసుకోవాలి, అంతే. దానికోసం ఏమైనా చేస్తుంది.

"నెలసరి వస్తోందా?" ఆవిడ గొంతు తగ్గించి అడిగింది.

"ఆగిపోయింది. గట్టిగా పరిగెడితే అంతే మేడమ్, అందరికీ ఆగిపోద్ది."

"తొడ మొదట్లో నొప్పి?"

"లేదు."

పచ్చి అబద్ధం. మెట్లెక్కాలంటే ప్రాణం పోతోంది పిల్లకి.

"మొదటి పాఠం విన్నావా?"

"విన్నా."

"మొత్తం?"

"మొత్తం."

"అంతా విన్నాక కూడా సగం ఆపిలేనా?"

ఏదో ఒకటి అనాలి కదా. "విన్నాక పట్టుదల ఇంకా పెరిగింది మేడమ్" అంది మారెన్.

ఎవరో చెంప మీద కొట్టినట్టు చూసింది ఆవిడ.  తర్వాత కర్ర ఆనుకుని లేచింది.

మర్నాడే కోచ్ దగ్గరికి వెళ్లి, మారెన్‌ని పరిగెత్తించొద్దని బతిమాలిందట. కోచ్ ఆ ఏడాదే వచ్చినవాడు. "టిక్కులన్నీ ఉన్నాయి మేడమ్. నొప్పి లేదని పిల్లే చెబుతోంది కదా" అన్నాడు.

మారెన్‌కి ఒళ్లు మండింది.

"కుంటిదానికి పరిగెత్తేవాళ్లని చూస్తే కడుపుమంట" అంది కోల్బీతో.

శుక్రవారం సాయంత్రం ఫోన్‌లో ఆవిడ దగ్గరనుంచి కబురు. "తిన్నావా బంగారం?"

మారెన్ పాత ఫోటో ఒకటి పంపేసి ఆపిల్ కోసింది.

శనివారం చివరి మిట్ట ఎక్కుతుండగా ఎండుపుల్ల విరిగినట్టు లోపల ఏదో పటుక్కుమంది. మారెన్ గడ్డిలో కూలబడింది. పోటీ ముగిసే గీత అక్కడికి కనబడుతూనే ఉంది.

తొడ ఎముక తుంటి దగ్గర విరిగింది. మేకులు వేసి బిగించారు.

"నీకు ఇరవయ్యేళ్లు. నీ ఎముకలకి అరవై" అన్నాడు డాక్టర్. "ఇక పోటీ పరుగు మర్చిపోమ్మా."

ఆమె చంకకర్రలతో కాలేజీకి వచ్చేసరికి భోజనాల హాల్లో మిసెస్ పామర్ కూర్చునే కుర్చీ ఖాళీగా ఉంది. అన్ని టిక్కులూ ఉన్న పిల్లే కూలబడితే ఇక పాఠాలెందుకని కాలేజీవాళ్లు ఆవిడని పంపించేశారు. ఎక్కడికెళ్లిందో ఎవరూ అడగలేదు.

జట్టు గదిలో కూర్చుని మారెన్ చాలాసేపు గోడవంక చూసింది.

"ఈ గ్రేటా మళ్లీ ఇంకో పోటీలో ఎందుకు గెలవలేదే?"

"ఏమో" అంది కోల్బీ. "ఎవరూ చెప్పలేదు."

కోల్బీ పరుగుకి వెళ్లిపోయింది. మారెన్‌కి వెళ్లడానికి ఎక్కడా లేదు. ఫోన్‌లో ఇంకా మిగిలే ఉన్న మొదటి పాఠం తెరిచింది. ఈసారి వేలితో లాగలేదు.

తెర మీద అదే మనిషి, అదే చేతికర్ర.

"పామర్ అనేది పెళ్లయ్యాక వచ్చిన పేరమ్మా, మీ గోడ మీద ఉన్నది నా పాత పేరు" అంటూ ముప్పై ఆరేళ్ల గ్రేటా ఉన్ని టోపీ తీసింది, "ఆ సగం ఆపిల్ తిన్న మర్నాడు గీత దాటి పడిపోయినదాన్ని, మళ్లీ ఒక్కసారి కూడా పరిగెత్తలేదు."