మూడుసార్లు కొడితే

లార్డ్ హౌ దీవిలో టూరిస్టులను సముద్రం అడుక్కి తీసుకెళ్లే మెరియన్‌కు, ఆ రాత్రి తనతో దిగిన టూరిస్టు క్లైవ్ గారి మీద ఒళ్లు మండిపోయింది.

దిగేముందు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "నీళ్లలో నోరు పనికిరాదు. నేను గాలి సిలిండర్ మీద మూడుసార్లు కొడితే మీరు నా దగ్గరికి వచ్చెయ్యాలి. అంతే!"

తీరా దిగాక, తన నోట్లోంచి వచ్చే జిగురునే దుప్పటిలా కప్పుకుని నిద్రపోతున్న చిలకచేప మీద టార్చి వేసిందో లేదో, సిలిండర్ మీద కొట్టినట్టు టంగ్, టంగ్, టంగ్. చేప ఉలిక్కిపడి పారిపోయింది. ఆక్టోపస్ దగ్గరా అదే గోల. పీత దగ్గరా అదే. ఇక లాభంలేదని ఆయన్ను పైకి లాక్కొచ్చింది.

పడవెక్కగానే దులిపేసింది. "ఏం క్లైవ్ గారూ, అదేమన్నా చర్చి గంటా?"

"బాగుంది వరస! కొట్టింది నువ్వు, తిట్లు నాకా?"

"నేను ఒక్కసారి కూడా కొట్టలేదు."

"నేనూ కొట్టలేదమ్మాయ్."

పడవ నడిపే డెస్ చేతులెత్తేశాడు. "నా వంక చూడకండి. ఈ చుట్టుపక్కల ఇంకో పడవ కూడా లేదు."

కొండ మీద సముద్రపక్షుల ఏడుపు ఉన్నట్టుండి ఆగిపోయింది. అప్పుడు పడవ అడుగున, సరిగ్గా వాళ్ల కాళ్ల కింద, టంగ్, టంగ్, టంగ్.

క్లైవ్ గారు ఉసూరుమంటూ, విప్పిన ఈతరెక్కలను మళ్లీ కాళ్లకు తొడుక్కోసాగారు.

"ఏం చేస్తున్నారు?" మెరియన్ ఆయన చెయ్యి పట్టుకుంది.

"మూడుసార్లు కొడితే రావాలన్నది నువ్వే కదమ్మాయ్," అన్నారాయన విసుగ్గా. "పాపం, ఎంతసేపని పిలుస్తారు?"